లారీ కింద నాయన, క్లచ్ మీద నా కాళ్ళు

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే పుంగనూరులో మా ఇంటి ముందర గేర్ ఆయిల్ వాసన. మిగతా పిల్లలకు ఆటలు, నాకు మాత్రం పొద్దున్నుంచే నాయన ఎప్పుడు పిలుస్తాడోనన్న భయం...

తొంభైల నాటి మాట. నాయనది సొంత లారీ. మదనపల్లె మార్కెట్లో టమోటా ఎత్తుకుని కుప్పం మీదుగా తమిళనాడుకు తోలేవాడు. వారానికోసారి బండి కింద దూరి గేర్‌బాక్స్‌లో ఆయిల్ చూసి, క్లచ్ బేరింగుకు గ్రీజు పెట్టేవాడు. గ్రీజు అందాలంటే పైన క్యాబిన్లో ఎవరో ఒకరు క్లచ్ తొక్కి పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు నేనే. పదేళ్ళదాన్ని... సీట్లో కూర్చుంటే కాలు అందదు. స్టీరింగు పట్టుకుని రెండు కాళ్ళతో పెడల్ మీద నిలబడేదాన్ని.

"నేను ఇడ్సమనేదాకా ఇడ్సొద్దు పాపా. ఇడిస్తే నా యేళ్ళు నలిగిపోతాయి" అనేవాడు నాయన.

ఆ మాట వింటే చాలు, స్టీరింగును ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. అయినా భయమని ఎవరికీ చెప్పలేదు... చెబితే ఆ పని తమ్ముడికి ఇచ్చేస్తారని రోషం.

ఒక ఆదివారం బండిని మా వీధి ఏటవాలులోనే నిలిపాడు. హ్యాండ్ బ్రేకు అంతంతమాత్రం. ఎప్పుడూ చక్రానికి అడ్డం పెట్టే చెక్క దిమ్మెను కుప్పంలో మరిచిపోయి వచ్చాడు.

"చక్రానికి రాయన్నా పెట్టకూడదా?" అని వాకిట్లోంచి అమ్మ అడిగింది.

"గేర్లో ఉండాదిలే, యాడికి పోతాది" అంటూ కిందికి దూరాడు. తల గేర్‌బాక్స్ కింద, కాళ్ళు ముందు చక్రం వెనకగా బయటికి.

బండిని ఆపుతున్నది గేరేనని, క్లచ్ తొక్కితే ఆ పట్టు వదిలిపోతుందని ఆయనకు తెలియక కాదు. సాయంత్రానికి లోడు ఉంది... తొందరలో తోచలేదు, అంతే.

"తొక్కు పాపా" అన్నాడు. తొక్కాను. కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఎదురింటి గడప మెల్లగా ముందుకు జరుగుతోంది. గడప జరగడమేమిటి అనుకున్నాను... జరుగుతున్నది మేము. లారీ వెనక్కి పోతోంది.

అరిచి చెప్పేంత వ్యవధి లేదు. వదిలితే నాయన వేళ్ళు... వదలకపోతే చక్రం ఆయన కాళ్ళ మీదికి. ఏడుస్తూ రెండు కాళ్ళూ ఎత్తేశాను.

బండి ఒక్క కుదుపుతో ఆగింది. కింద నుంచి కేక. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"యాల ఇడిస్తివి?" అన్నాడు మూలుగుతూ.

"బండి కదల్తాండాది నాయనా..."

ఆయనకు అర్థమైంది. "రాయి పెట్టు, బిరీన రాయి పెట్టు" అని అమ్మను కేకేశాడు. అమ్మ చాకిరేవు బండ లాంటి రాయిని ఎట్లా దొర్లించుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

"ఇప్పుడు తొక్కు పాపా. యేలు ఇరుక్కోనుండాది. ఏం కాదు, తొక్కు."

మళ్ళీ తొక్కాలా! నా కాళ్ళు రాలేదు. అమ్మ క్యాబిన్లోకి ఎక్కి నా భుజాలు పట్టుకుంది. ఇద్దరం కలిసి తొక్కాం.

బయటికి వచ్చాక నాయన తన బొటనవేలు చూసుకోలేదు. నెత్తురు కారుతున్నా చక్రం దగ్గర కూర్చుని, తన కాళ్ళు ఉన్న చోటికీ టైరుకూ మధ్య జాన పెట్టి చూశాడు. జానెడు కూడా లేదు.

"నువ్వు నా మాట ఇనింటే పోయుంటినే" అన్నాడు. అంతే... తిట్టలేదు. ఆ తర్వాత నన్ను క్లచ్ తొక్కమని ఎప్పుడూ అడగలేదు కూడా.

ఇప్పుడు వర్క్‌షాపుల్లో బండినే పైకి లేపి పెడుతున్నారు. నా కారుకైతే క్లచ్చే లేదు. మంచిదే... కానీ నాన్న ప్రాణం తన కాళ్ళ కింద ఉండటమంటే ఏమిటో నా కూతురికి ఎట్లా చెప్పను?

పెద్దల మాట వినకపోవడమే మేలైన రోజు మీకూ ఒకటి ఉండే ఉంటుంది. ఉంటే రాయండి... నాకైతే నాయన మాట దాటింది ఆ ఒక్కసారే.