జడ విప్పమన్న ఆవిడ

దెయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. షార్జాలో నేను వంట చేసే ఇంట్లో మేడ మీది గదిలో ఏదో ఉందని తోటి పనివాళ్లు వణికిపోతుంటే, మధ్యాహ్నాలు ఆ గదిలోనే గురక పెట్టి పడుకున్న మనిషిని నేను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండేళ్ల కిందట తలనొప్పులు, వాంతులు మొదలయ్యాయి. స్కాన్ తీసి, మెదడులో చిన్న గడ్డ ఉందన్నారు. అది కంటి నరం పక్కనే ఉందట. కోత అక్కర్లేదు, ఐదుసార్లు రేడియేషన్ ఇస్తే చాలన్నారు. కాకపోతే తల ఇసుమంతైనా కదలకూడదు. అందుకని వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి, నా ముఖానికి సరిగ్గా మాస్క్ చేశారు. ఆ రోజు క్లిప్ తీసేయమంటే జుట్టు వదిలేసి పడుకున్నాను. మాస్క్ హాయిగానే ఉంది.

అసలు వైద్యం మొదలయ్యే రోజు, షార్జా పక్కనే అజ్మాన్‌లో నాతో గదిలో ఉండే నాగమణి ఊరుకోలేదు. ఆమెదీ మా కోనసీమే.

"జుట్టు ఇరబోసుకుని దెయ్యంలా ఎల్తావేంటే ఆసుపత్రికి? మంచిది కాదు, కూకో."

నూనె రాసి, బిగించి జడ అల్లి, మెడ మీద ముడి చుట్టి తన ఎర్ర రబ్బరు బ్యాండు వేసింది. ఆ బ్యాండు ఒకచోట తెగితే నల్లదారంతో కట్టుకుంది, అంత పొదుపు మా నాగమణిది.

బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్ల కింద దిండు పెట్టారు, దుప్పటి కప్పారు, చేతికి బెల్లు ఇచ్చారు. టెక్నీషియన్ మలయాళీ అమ్మాయి, బంగారంలాంటి పిల్ల. ఇంగ్లీషులో జుట్టు గురించి ఏదో అడిగింది. అర్థం కాకపోయినా ఎస్ ఎస్ అన్నాను, అది నా పాడు అలవాటు. మాస్క్ బిగించగానే నుదురూ ముక్కూ నలిగిపోయాయి. ఊపిరాడక బెల్లు నొక్కేశాను.

మర్నాడూ ఆ జడతోనే వెళ్లాను, మళ్లీ అంతే అయింది. రేపు కూడా పడుకోలేకపోతే అన్నీ మొదటి నుంచీ చెయ్యాలి, అంత ఆలస్యమైతే చూపుకి ప్రమాదం అన్నాడు డాక్టరు. అజ్మాన్ దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను. కళ్లు పోతే నా బతుకేం కాను?

మూడో రోజు ఉదయం పది గంటలకు, ఆసుపత్రిలో రేడియేషన్ గది బయట కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒకావిడ ఉంది. ఆసుపత్రి గౌను, తలకు నీలం స్కార్ఫు, కాళ్లకు మెట్టెలు. నా మెడకేసి చూసింది.

"మాస్కు చేసిన్నాడు జడేసుకున్నావా అమ్మాయ్?"

"లేదండీ."

"మరిప్పుడెందుకేసుకున్నావే పిచ్చిమొద్దూ! ముడి మీద తలెలా ఆనుద్ది?"

నేను చెయ్యెత్తేలోపే తనే ముడి విప్పి, పాయలు విడదీసింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఏసీ వల్లేమో అనుకున్నాను. నా బ్యాండు తన చేతికి తొడుక్కుంది.

ఇంతలో లోపలికి పిలిచారు. తల చక్కగా ఆనింది, మాస్క్ మెత్తగా దిగింది. కళ్లు మూసుకుని పడుకున్నాను. "ఖలాస్ ఆంటీ!" అని ఆ పిల్ల చప్పట్లు కొట్టేదాకా కదల్లేదు. హమ్మయ్య అనుకుని, అక్కడే కూర్చుని మళ్లీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

బయటికొస్తే ఆవిడ లేదు. ఆ పూట పేషెంటు నేనొక్కదాన్నేనట. నేను ఒంటరిగా కూర్చుని జడ విప్పుకోవడం చూశానన్నాడు కౌంటర్లో ఉన్నతను. కంగారులో నేనే విప్పుకున్నానేమోనని సర్దిచెప్పుకున్నాను. బ్యాండు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నాగమణి తిట్టిపోసింది.

మిగతా నాలుగూ సాఫీగా అయిపోయాయి. చివరిరోజు మాస్క్ నాకే ఇచ్చేశారు. గదికొచ్చి సంచిలోంచి తీస్తే, మెడ దగ్గర వలకు ఎర్ర బ్యాండు చుట్టి ఉంది, నల్లదారం కట్టుతో సహా. ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే, తామెవరూ పెట్టలేదంది ఆ పిల్ల.

గడ్డ బాగా తగ్గింది. చూపుకి ఢోకా లేదన్నారు. ఆవిడెవరో, ఆ బ్యాండు అక్కడికెలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. పేరైనా అడగలేదు. ఇప్పుడు స్కాన్‌కి వెళ్లే ప్రతిసారీ నాగమణే నా జడ విప్పి పంపిస్తుంది. దెయ్యంలా ఉన్నావని మాత్రం అనదు.