ఇన్‌చార్జి అన్న మాట

భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట, ఒక మిర్చి కంపెనీ గోదాములో ఇరవై ఆరేండ్లు కాటా గుమాస్తాగా చేశాను. బస్తా తూకం రాసి రైతుకు చిట్టీ ఇవ్వడం నా పని. నా చిట్టీల్లో కొట్టివేతలు ఉండేవి కావు. రిటైరయ్యేలోపు సూపర్‌వైజర్ గ్రేడు అందుకోవాలన్నది నా కోరిక. మా గోదాములో ఆ గ్రేడు ఏ ఆడమనిషికీ రాలేదు.

పాత సూపర్‌వైజర్ మానేసిన వారానికి ఖమ్మం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నన్ను ‘ఇన్‌చార్జి సూపర్‌వైజర్’ చేశారు. నెలకు మూడు వందలు పెంచారు. జిల్లాకు ఇన్‌చార్జి మంత్రి వస్తే కలెక్టరే ఎదురెళ్లి నిలబడతాడు. ఆ లెక్కన ఇన్‌చార్జి అంటే సూపర్‌వైజర్ కంటే ఒక మెట్టు పైన అనుకున్నాను. రెండు కిలోల బూందీ లడ్డు పంచాను. గ్రేడు జీతం తర్వాత కలుస్తుందిలే అనుకున్నాను.

పదకొండేండ్లు కలవలేదు. ఏడుసార్లు అర్జీ పెట్టాను. ప్రతి అర్జీ కిందా ‘ఇన్‌చార్జి’ అని రాసి సంతకం చేశాను.

రిటైర్మెంటుకు పది నెలలుందనగా ఖమ్మం వెళ్లి మేనేజర్‌ను కలిశాను.

“సార్, ఇన్‌చార్జిని నేను. సూపర్‌వైజర్ జీతమన్నా ఇయ్యరా?”

అతను అర్జీ పక్కన పెట్టాడు. “అమ్మా, ఇన్‌చార్జి అంటే పెద్ద పోస్టు అనుకున్నరా ఏంది? అసలు మనిషి వచ్చేదాక కుర్చీ చూసుకునుడు, గంతే. గిన్నేండ్లు ఎవ్వలు చెప్పలేదా?”

చెప్పలేదు. నేనూ అడగలేదు.

“మరి అసలు మనిషి?”

“వచ్చే నెల వస్తున్నడు. మీరే పని నేర్పాలె.”

నేర్పాను. తేమ చూడటం, రంగు పోయిన తాలుకాయ పట్టుకోవడం పంతొమ్మిది రోజుల్లో నేర్చుకున్నాడు, తెలివైనవాడు.

కుర్చీ అప్పగించిన రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని, తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. కలిసి తింటే నా మాట వినరని, ఇన్‌చార్జి అయిన రోజు నుంచి లోపల ఒక్కదాన్నే తినేదాన్ని. నన్ను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. ఒకామె పట్టా మీద జరిగి చోటిచ్చింది.

“కూసోండి మేడం.”

“ఇంకా మేడం ఏందే? మునుపటి లెక్క అక్కా అను.”

“అవ్ మేడం,” అంది.

పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నం తిని డబ్బా మూశాను. నేను లేచి పది అడుగులు వేశాక మళ్లీ మాటలు మొదలయ్యాయి.

మిగిలిన ఎనిమిది నెలలు కాటా బల్ల దగ్గరే తిన్నాను.