రెండర్ ఆగిన చోట మా అత్త

మా మేనత్త పోయింది. పొద్దున్నే మామ ఫోన్ చేసి, "మీ అత్త లేస్తలేదు బిడ్డా" అన్నాడు. సూరత్‌లోని గోడాదరాలో వాళ్లింటికి నేను చేరేసరికి గల్లీలోని ఆడవాళ్లంతా గుమ్మంలో ఉన్నారు. నిద్రలోనే పోయిందట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇబ్బంది పెడితే ఏం పోయేది? చేయడానికి నేను లేనా?

అత్త పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేది. సూరత్ మగ్గాల్లో పనిచేసే మన తెలంగాణ కుటుంబాల్లో ఎవరింట పెళ్లయినా, కెమెరావాళ్లు తీసిన ముక్కలన్నీ ఆమె ముందు గదికే వచ్చేవి. మామ మగ్గాల షెడ్డుకు పోగానే వంట ముగించి కంప్యూటర్ ముందు కూర్చునేది. నేనూ ఆ పక్కనే కుర్చీ వేసుకుని పని నేర్చుకున్నాను. ఇవాళ మా ఇంట్లో నాలుగు వేళ్లు నోట్లోకి పోతున్నాయంటే ఆ కుర్చీ పుణ్యమే.

కోసి అతికించడం ఎవరైనా నేర్పుతారు. ముక్కలన్నింటినీ కంప్యూటర్ ఒకే వీడియోగా వండే పనిని రెండర్ అంటాం. తంటా అంతా అక్కడే. సగం దాకా బుద్ధిగా నడిచి, ఉన్నట్టుండి తెర నల్లబడిపోతుంది. నేనైతే మౌస్‌ను బల్లకేసి కొట్టేదాన్ని. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపేది.

"దాన్ని తిడితె ఏమొస్తదే? ఎక్కడ ఆగిందో చూడు. ఒక్కసారికి ఒక్కటే మార్చు. అన్నీ ఒక్కపారే గెలికినవనుకో, ఏది బాగుచేసిందో నీకె ఎర్కుండదు."

అంత తెలిసిన మనిషి కూడా ఒకసారి బోల్తా పడింది. మా వాడల్లో మగ్గాల నుంచి దూది నూగు లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. అందుకే టీవీ, మిక్సీ, ఆఖరికి ఫోన్ చార్జర్ మీద కూడా గుడ్డ కప్పుతాం. అత్త కంప్యూటర్ డబ్బాకు చీర ముక్కతో, జరీ అంచు పెట్టి మరీ తొడుగు కుట్టింది. చూసినవాళ్లంతా మురిసిపోయారు. ఆ వారం నుంచి ఒక్క రెండర్ ముగిస్తే ఒట్టు! సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించాం. కరెంటు తీగ మార్చాం. మామ ఎవరి కళ్లో పడ్డాయని నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి కట్టాడు. ఒకరోజు అత్త తొడుగు ఉతికి ఆరేసి, ఉత్త డబ్బాతోనే రెండర్ పెట్టింది. చివరిదాకా నడిచింది! అప్పుడు వెలిగింది మాకు. లోపలి వేడి బయటికి పోయే సందే లేదు.

"అయ్యో, ముచ్చటపడి చీర కట్టి, దానికి ఊపిరాడకుంట చేస్తినే!" అని కడుపు పట్టుకుని నవ్వింది. కస్టమర్లు వస్తే తనే ముందు ఆ కథ చెప్పేది. తన తప్పును అంత రుచిగా చెప్పుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

దశదినకర్మ నాడు భోజనాల దగ్గర పోయినవాళ్ల వీడియో పెట్టడం ఇప్పుడు మావాళ్లలో అలవాటైంది. అత్తది నేనే చేయాలి, ఇంకెవరు చేస్తారు? ఆమె కంప్యూటర్లోనే కూర్చాను. అన్నీ ఫొటోలే. ఆమె కదులుతూ, మాట్లాడుతూ కనిపించేది ఒక్కటే ముక్క, ఎవరో పెళ్లిలో ఫోన్‌తో తీసింది. భోజనాలకు ముందురోజు మధ్యాహ్నం రెండర్ పెట్టాను. ఆగింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఆగింది.

డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. డిస్కులో జాగా ఉంది. వీడియోను సగం చేసి విడివిడిగా నడిపించాను. మొదటి సగం చివరిదాకా నడిచింది, రెండోది ఆగింది. దాన్నీ సగం చేశాను. చివరికి దొరికింది. అత్త మాట్లాడే ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగుతోంది.

ఇలాంటప్పుడు అత్త మాట ఒకటే: "పాడైన ముక్కను తీసి పారెయ్యి, దానికోసం పెండ్లంత ఆపుతమా?"

మామ నా వెనకే నిలబడి ఉన్నాడు. "దాని గొంతు ఉన్నది గదొక్కదాంట్లనే బిడ్డా. జర సూడు" అన్నాడు.

మొదటిసారి అత్త మాట కాదన్నాను. ఆ ముక్కను వేరే ఫార్మాట్‌లోకి మార్చి కొత్త కాపీ తీశాను. మధ్యలో బొమ్మ కాస్త చెదిరింది, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. పాతది తీసి అది పెట్టాను. ఇంకేదీ ముట్టుకోలేదు. రెండర్ చివరిదాకా నడిచింది. మామ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం, నిజం చెబుతున్నాను, పరీక్ష పాసైనంత సంతోషం వేసింది.

మర్నాడు మావాళ్ల సంఘం వాళ్ల సమాజ్ హాలులో విస్తళ్ల ముందు అందరూ కూర్చున్నాక వీడియో పెట్టాం. ఫొటోలు ఒక్కొక్కటే వెళ్లిపోయాక, తెర మీద అత్త కదిలింది. కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టి కసిరింది.

"నన్నెందుకు తీస్తున్నవే? ఆడ పిల్ల తలంబ్రాలు పోస్తున్నది, అటు తియ్యి, అటు!"

హాలంతా నవ్వింది. ముందు వరసలో మామ నవ్వలేదు. అత్త చెయ్యి చూపించిన వైపుకు తల తిప్పి చూశాడు.