ఉప్పుటేటికి ఉక్కు తలుపు

మా బాత్రూములో కుళాయి కారుతుంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేను జంషెడ్‌పూర్‌లో ఒక కర్మాగారంలో నీళ్ళ విభాగం చూస్తాను. పంపుహౌసులు, కూలింగ్ టవర్లు, మైళ్ళ పొడుగు పైపులు నా అజమాయిషీలో ఉంటాయి. ఎక్కడైనా వాల్వు కారిందంటే నా ముక్కు మీది కోపానికి ఆ షిఫ్టు మొత్తం బలి. సీతారాండేరాలో మా ఇంటి కుళాయి మాత్రం తన మానాన తాను కారుతూనే ఉంటుంది. మా ఆవిడ దాని కింద బకెట్టు పెట్టి, నిండాక మొక్కలకు పోస్తుంది. చుట్టాలెవరైనా వస్తే నన్ను "నీళ్ళ డాక్టరు" అని పరిచయం చేస్తుంది. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఇన్నేళ్ళ కాపురంలో నేను తేల్చుకోలేకపోయాను.

మా ఆవిడది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. మా అత్తగారు పోయాక ఉప్పుటేరు పక్కనున్న పొలం మా ఆవిడకీ, ఆమె తమ్ముడికీ కలిపి వచ్చింది. సాగు మా బావమరిదిదే. సాగు అనడం కూడా కాస్త పెద్దమాటే. సముద్రం పోటు మీదున్నప్పుడు ఏటి ఉప్పునీళ్ళు గట్టు గండ్లలోంచి మడుల్లోకి దూరతాయి. ఎండలు ముదిరేసరికి నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. వానలు పడ్డాక నాట్లు వేస్తే సగం మొక్కలు చస్తాయి, బతికిన సగంలో తాలు ఎక్కువ.

ఒక చలికాలం ఉదయం మా బావమరిది ఫోను చేశాడు. మా ఆవిడ స్పీకరు పెట్టింది.

"అక్కా, రొయ్యల సెరువులోళ్ళు వచ్చారు. పక్క మడులోళ్ళందరూ ఇచ్చేత్తన్నారు. మనదీ ఇచ్చేద్దామా? నానూ ఆ ఊరే వచ్చేత్తాను. బావ ఏదో కాంట్రాక్టు పని సూపెట్టకపోతాడా."

మా ఆవిడ పొయ్యి కట్టేసింది. చెరువు తవ్వారంటే ఉప్పునీళ్ళని కావాలనే లోపలికి పెడతారు. ఇక ఆ నేలలో వరి మాట మరిచిపోవడమే.

"ఆ మడిలో వంగి వంగి అమ్మ నడుం పోయిందిరా. ఒక్క ఏడు ఆగు. ఈ ఏడు కూడా పండకపోతే నానే ఇచ్చెయ్‌మంటాను."

"మాటేనా అక్కా?"

"మాటే."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "ఏటండీ, ఊరందరికీ నీళ్ళ డాక్టరు కదా మీరు. మా పొలానికేటీ వైద్యం లేదా?"

"ఓస్, ఇంతేనా" అన్నాను. ఆ క్షణంలో ఎవరైనా నా నోట్లో ఓ లడ్డూ కుక్కి ఉంటే ఎంత బాగుండేదో.

నా ఆలోచనలో తప్పు లేదు, అది నేను ఇప్పటికీ గట్టిగా చెబుతాను. మొదట ఏటి గట్టు పూడ్చి ఎత్తు చెయ్యాలి. తొలకరి నీళ్ళని మడిలో కొన్నాళ్ళు నిలబెట్టాలి. ఉప్పు ఆ నీళ్ళలో కరిగాక, ఆటు సమయంలో ఏరు లాగేసినప్పుడు వాటిని ఏట్లోకి వదిలెయ్యాలి. మళ్ళీ వాననీళ్ళు నింపాలి, మళ్ళీ వదలాలి. బియ్యం కడిగినట్టు పొలాన్ని కడగాలన్నమాట. ఇదంతా మా బావమరిదికి వీడియో కాల్లో పాఠంలా చెప్పాను. అతను "ఊ, ఊ" అంటూ విన్నాడు. నేను బొమ్మ గీసి చూపిస్తుంటే మధ్యలో గేదెను కట్టేయడానికి వెళ్ళొచ్చాడు కూడా. నేను ఆపలేదు.

అక్కడితో ఆగి ఉంటే పెద్దమనిషిని అనిపించుకునేవాణ్ణి. కానీ గట్టులో ఉండే తూముకి అప్పటిదాకా ఓ చెక్క పలక ఉండేది. దాన్ని ఆటుకి ఎత్తాలి, పోటుకి దించాలి. రేయింబవళ్ళు దాని వెనక మనిషి తిరగాలి. ఇది చూసి నాకు నవ్వొచ్చింది. మా ప్లాంటులో నీళ్ళు ఒక్కవైపే పోయేలా పైపుల్లో వాల్వులుంటాయి. ముందుకు వస్తే తెరుచుకుంటాయి, వెనక్కి వస్తే మూసుకుంటాయి. తూముకి అలాంటి తలుపు పెడితే పోటుకి తనే మూసుకుంటుంది, ఆటుకి తనే తెరుచుకుంటుంది, మనిషితో పనే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని నేను. ఉక్కు ఊళ్ళో ఉంటూ చెక్కతో చేయిస్తామా అనుకున్నాను.

జుగ్సలాయిలో గోదాముల వెనక సందులో తెలిసిన వర్క్‌షాపు ఉంది. దళసరి ఉక్కు ప్లేటు ఎంచాను. తూము మూతిని ఏటవాలుగా పెట్టించి, తలుపు తన బరువుతో దాని మీద వాలి పడుకునేలా కీలు వేయించాను. తుప్పు పట్టకుండా రెడాక్సైడు రంగు రెండు పూతలు. వర్క్‌షాపు యజమాని దాని మీద చరిచి, "సౌ సాల్ చలేగా సర్" అన్నాడు. నిజమే, నూరేళ్ళూ ఉంటుంది. పని చేస్తుందా అని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

దాన్ని నలుగురు పట్టి ఇంట్లోకి తెచ్చారు. కాలేజీకి వెళ్ళబోతున్న మా అమ్మాయి గుమ్మంలో ఆగి, "పాపా, యే దర్వాజా హై యా తిజోరీ?" అంది. ఇనప్పెట్టెలా ఉందట. పిల్లకి ఇంజినీరింగు ఏం తెలుసని విసుక్కున్నాను. దాన్ని స్టేషనుకి తీసుకెళ్ళిన, పక్క బస్తీ భుయ్యాడీహ్ ఆటో అబ్బాయి దించేటప్పుడు తన ఆటో స్ప్రింగుని వంగి చూసుకుని, నా మొహం కూడా ఓసారి చూశాడు.

ఎండాకాలం సెలవు పెట్టి వెళ్ళి గట్టు పూడ్పించాను, తలుపు బిగించాను, కొబ్బరికాయ కొట్టాను. సాయంత్రం పోటు వచ్చింది. ఏరు ఉబ్బి తలుపుని లోపలికి ఒత్తింది. చుక్క నీరు దూరలేదు. "బావా, గట్టోడివే" అన్నాడు మా బావమరిది. తలుపు పక్కన నిలబడి ఫోటో తీయించుకుని ప్లాంటు గ్రూపులో పెట్టాను. మెచ్చుకోళ్ళు బాగానే వచ్చాయి. తెరుచుకుంటుందో లేదో చూడ్డానికి లోపల నీళ్ళుండాలి కదా, అవి లేవు. వానలు పడకుండా దాన్ని పరీక్షించడం ఎలాగని తిరుగు రైలెక్కేశాను.

వానలు బాగానే పడ్డాయి. ఫోను కూడా బాగానే మోగింది.

"బావా, మడి నిండిపోనాది. ఆటుకి నీళ్ళు దిగనేదు."

"తలుపు దగ్గర చెత్త పడిందేమో చూడు."

"చెత్త నేదు."

"అది ఆటు కాదేమో."

"నాను ఏటి ఒడ్డున పుట్టాను బావా" అన్నాడు.

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. ఆషాఢం వానకి ఏరే నిండుగా ఉందన్నాను, అమావాస్య దగ్గర పడిందన్నాను, తూముకి నాచు పట్టిందేమోనన్నాను. చంద్రుడి దగ్గర్నుంచి నాచు దాకా అందరి తప్పూ వెతికాను, నా తలుపుని మాత్రం వదిలేశాను. అదును దాటిపోతోంది, నాట్లు వేసెయ్, నీళ్ళు అవే దిగుతాయని కూడా చెప్పాను. అక్కమాట మీద గౌరవంతో వేసేశాడు. వారం తిరక్కుండా వీడియో కాల్లో మడి చూపించాడు. ఆకుల కొనలు మాడి, మొక్కలు పసుపు తిరిగి, ఉప్పునీళ్ళలో వంగిపోయి ఉన్నాయి. ఫోను మడి మీద అటూ ఇటూ తిప్పి కట్టేశాడు.

మా ఆవిడ ఫోను పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ తలుపు మనింట్లోకి తేవడానికి నలుగురు కావలసొచ్చింది. అంత బరువుని మడిలో పల్చటి నీళ్ళు ఎలాగ ఎత్తుతాయండీ?"

పేపరు అంచు మీద లెక్క వేశాను. ఇంకోసారి వేశాను. నా తలుపు సరిగ్గా తెరుచుకోవాలంటే మడిలో నీళ్ళు గట్టు మీదుగా పొర్లాలి. గట్టు మీదుగా పొర్లే నీళ్ళకి తలుపుతో పనేముంది? ప్లాంటులో నీళ్ళని వెనక నుంచి పంపు తోస్తుంది, ఎంత బరువు తలుపైనా లేస్తుంది. పొలంలో నీళ్ళ వెనక నీళ్ళే ఉంటాయి. ఇంత చిన్న సంగతి ముప్పూటలా నీళ్ళతోనే బతికే నాకు తట్టలేదు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది, ఎందుకంటే మా ఆవిడ నన్ను తిట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. ఇచ్చెయ్‌మని చెప్పడానికే చేస్తోందని నాకు తెలుసు. ఆపే మొహం నాకు లేదు. అతను ఎత్తేసరికి వెనక వాన హోరు.

"ఇప్పుడు కాదక్కా. ఏట్లో ఉన్నాను, ఆటు దిగుతంది. తరవాత సెప్పు."

సంగతేమిటంటే, అంతకుముందు సాయంత్రం అతనికి ఒళ్ళు మండిపోయింది. గునపం తీసుకెళ్ళి నా తలుపుని కీళ్ళతో సహా పెకలించి పారేశాడు. చౌడు కరిగిన నీళ్ళు ఒక్కసారిగా ఏట్లోకి దూకాయట. పోటు వచ్చేలోపు అటక మీదున్న పాత చెక్క పలక తెచ్చి తూముకి అడ్డం దించాడు. పై నుంచి మంచి వాన. తెల్లారేసరికి మడి మళ్ళీ నిండింది. ఆటుకి మళ్ళీ పలక ఎత్తాడు. పారే నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశాడట, మొదటంత ఉప్పగా లేవట. ఇక ఆ మనిషి ఆగలేదు. వానలున్నన్నాళ్ళూ ఆటుకి ఎత్తడం, పోటుకి దించడం. మెరక ఊళ్ళో మిగిలిన ముదురు నారు అడిగి తెచ్చి మళ్ళీ నాట్లు వేశాడు. "నువ్వు సెప్పిన కడుగుడు మంచిదే బావా, తలుపే మనకి సరిపడనేదు" అన్నాడు ఓసారి. మర్యాదస్తుడు. ఆ తలుపుని ఇప్పుడు గేదెల శాల ముందు బురదలో పరిచారు. గేదెలు నిక్షేపంగా నడుస్తున్నాయని విన్నాను.

గొప్ప పంటేం కాదు. ఏటి పక్క మూల చౌడు చౌడుగానే ఉండిపోయింది. మిగతా మడులు మాత్రం, మా అత్తగారు పోయాక ఎన్నడూ పండనంత పండాయి. కోతలయ్యాక రొయ్యల చెరువులవాళ్ళు మళ్ళీ వచ్చారని మా బావమరిది ఫోను చేశాడు.

మా ఆవిడ చెంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అడ్డం పడి ఏదో ఒకటి చెప్పాలని నాకు నాలిక దురద పెట్టింది. ఎలాగో ఆపుకున్నాను.

"ఒరే, నాను అడిగిన ఏడు అయిపోయింది" అంది. "పండిందని నిన్ను కట్టెయ్యను. ఇన్నాళ్ళూ రేత్రనక పగలనక ఏట్లో నానావు. అమ్మ ఒంటికేటయిందో నాకు తెలుసు, నీకూ అదే కావాలని నాను కోరను. ఇచ్చేసి వచ్చేత్తానంటే వచ్చెయ్. నాను ఏటీ అనుకోను."

ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కూడగట్టుకుందో పక్కనున్న నాకు తెలుసు.

"అక్కా, ఇప్పుడు నువ్వు ఇచ్చెయ్‌మన్నా నాను ఇవ్వను" అన్నాడు. "అమ్మ ఎందుకంత పాకులాడేదో నాకు ఇన్నాళ్ళూ తెలవనేదు. ఉంటాను, పోటు వత్తంది, పలక దించాల."

ఫోను పెట్టేశాక మా ఆవిడ ఏడ్చింది, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు.