మెమరీకి కొసరు

ఉచితంగా వచ్చిన ఒక వస్తువు వల్ల ఒకే సాయంత్రం ఒక పెళ్లి జాకెట్టూ, ఒక కాపురమూ ప్రమాదంలో పడ్డాయి. ఆ ఘనకార్యం చేసింది నేనే. తీరిగ్గా కూర్చోండి, చెప్తాను.

మాది జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు. వెనక గదిలో మా ఆవిడ సుజాత మగ్గం పని చేస్తుంది. పెళ్లి జాకెట్ల డిజైన్లన్నీ ఆమె కంప్యూటర్లోనే ఉంటాయి. ఆ సాయంత్రం ముక్త్యాల నుంచి పెళ్లికూతురి వాళ్లు డిజైన్ ఎంచుకోవడానికి వస్తామన్నారు. పొద్దున మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. లోపల్నుంచి మాత్రం ఆకలేసిన పిల్లికూనలా ఒకటే 'కీక్ కీక్'.

నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే రమణకి ఫోన్ చేశాను. మెమరీ పట్టు తప్పి ఉంటుందన్నాడు. కరెంటు వైరు పూర్తిగా పీకి, డబ్బా తెరిచి, సన్నటి ఆకుపచ్చ పలకను బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ 'టక్' మనేదాకా నొక్కమన్నాడు. అంతేనట.

నేను పెరిగింది తక్కెడ పక్కన. బేరానికి సందు కూడా ఇవ్వకుండా వైద్యం చెప్పేసే వ్యాపారిని నమ్మే రక్తం కాదు నాది. ఇందులో ఏదో మోసముందని సుజాతకు చెప్పి నందిగామ బస్సెక్కాను.

రమణ నన్ను చూడగానే, రుద్ది చూశారా అని అడిగాడు. కొత్తది ఇమ్మన్నాను. ధర దగ్గర మేం పడిన పెనుగులాట చూడ్డానికి పక్క కొట్టువాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. చివరికి డబ్బులిచ్చి, కదలకుండా నిలబడ్డాను.

"ఇంకేంటండీ?"

"కొసరు."

"మెమరీకి కొసరేంటండీ? ఇదేమన్నా కందిపప్పా?"

"మా కొట్లో అగ్గిపెట్టె కొన్నా చేతిలో బెల్లంముక్క పెట్టి పంపిస్తామయ్యా. నన్ను ఉత్త చేతుల్తో పంపుతావా?"

రమణ సొరుగులోంచి ఓ పాత పలక తీసి నా జేబులో పడేశాడు. "పనిచేస్తుందో లేదో మాత్రం నన్నడగొద్దు" అన్నాడు.

ఇంటికొచ్చి, పాతది తీసి పక్కన పడేసి, కొత్తది పెట్టాను. తెర వెలిగింది. సుజాత ముఖమూ వెలిగింది. మీరైతే అక్కడితో ఆగుతారు. నేను పక్కనే ఖాళీగా ఉన్న గాడిని చూశాను, జేబులో ఊరికే పడున్న కొసరును చూశాను. ప్రాణం ఒప్పుకోలేదు. కంప్యూటర్ ఆపి, దాన్నీ దూర్చాను.

కీక్ కీక్.

కొత్తదే దొంగసరుకని తీర్మానించి, దాన్ని పీకి విసిరేసి, కొసరొక్కటే ఉంచాను. గోల ఆగలేదు. ఈలోగా బయట ముక్త్యాల వాళ్ల ఆటో ఆగింది. రమణకి ఫోన్ చేశాను.

"కొసరు తీసేశారా?"

"కొసరెందుకు తీస్తా? కొన్నదే తీశా."

"ఫోన్ మీ ఆవిడకివ్వండి" అన్నాడు.

సుజాత నన్ను పక్కకి జరిపి, కొసరు పీకేసింది. నేను విసిరిన కొత్తది పప్పు బస్తాల వెనక ఎక్కడ పడిందో కనపడలేదు. దాంతో పొద్దుటి పాత పలకనే తీసుకుని, మా పాప రబ్బరుతో అంచు రుద్ది, 'టక్' మనిపించింది. తెర నిండా నెమళ్లు, మామిడి పిందెలు విచ్చుకున్నాయి. రమణ చెప్పింది నిజమేనని తెలిసినప్పుడు నాకు కలిగిన దుఃఖం ఏ వ్యాపారికీ రాకూడదు.

పెళ్లికూతురి తల్లి నెమళ్ల జాకెట్టు ఖాయం చేసి, బేరం తెంచి, లేవకుండా కూర్చుంది.

"కొసరు ఏమిస్తావమ్మాయ్?"

సుజాత నా వైపు చూసింది.

"మా ఆయన్ని తీసుకెళ్లండి పిన్నిగారూ. పనిచేస్తాడో లేదో మాత్రం నన్నడగొద్దు."

తక్కెడ మీద చెయ్యేసి, పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కరెంటుతో నడిచే ఏ వస్తువుకీ ఈ జన్మలో కొసరడగను. కరివేపాకు సంగతి వేరు.