లేని కడుపు జబ్బు, తినని ఖిచిడీ

మనిషికి చాలా పట్టింపులు వయసుతో పాటు కాస్త సడలుతాయేమో గాని, పొద్దున్నే ఏం తినాలన్న పట్టింపు మాత్రం ఓ పట్టాన వదలదని నా అనుభవం. ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, నేను గుంటూరు జిల్లా నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, వాటితో పాటు పొద్దున్నే ఇడ్లీ తినని వాళ్ళందరికీ పెంపకంలో ఏదో లోటు జరిగిందన్న గట్టి నమ్మకం వెంటబెట్టుకుని హైదరాబాదులో దిగాను. పంజాగుట్టలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, అమీర్‌పేటలో ఒక సందులో అద్దె గది. (ఇప్పుడా సందులో కంప్యూటరు పాఠాల బోర్డులు తప్ప గోడలు కనబడవు. అప్పుడు మధ్యాహ్నం పూట మేకలు తిరిగేవి.) మా ఇంట్లో పొద్దున ఏడింటికి ఇడ్లీ, కాకపోతే పెసరట్టు, అదీ కాకపోతే ఉప్మా, ఆపైన కాఫీ. అన్నం మధ్యాహ్నం సంగతి. పెసరపప్పు వేసి మెత్తగా వండిన అన్నం పొద్దున్నే ఎవరికైనా పెట్టారంటే, వాళ్ళు జ్వరం తగ్గి అప్పుడే మంచం దిగారన్నమాట. ఈ చివరి సంగతి మీరు కాస్త గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే నా పెళ్ళి దానివల్లే చెడింది.

ఇంటావిడను సందు మొత్తం ‘ఖాలా’ అని పిలిచేది. నేను గౌరవం తక్కువైపోతుందేమోనని ‘ఖాలా గారూ’ అనేవాణ్ణి. పిన్నిని పిన్ని గారూ అంటే ఎలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉండేదట, నా గొంతు వినబడగానే లోపల కోడలు నవ్వేది. ఖాలాకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి మూడేళ్ళు. కొడుకూ కోడలూ ముందు గదుల్లో, నేను వరండా పక్కనున్న గదిలో. దిగిన మొదటి ఆదివారం, రోడ్డు మీది ఉడిపి హోటలు నుంచి ఇడ్లీ పొట్లం తెచ్చుకుని వరండాలో కూర్చుని విప్పుతుంటే, ఖాలా వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. బుఖార్ వచ్చిందా బేటా అని అడిగింది. నాకు అర్థం కాలేదు. తర్వాత ఆవిడే చెప్పింది. భర్తను ఆస్పత్రిలో పెట్టిన రెండు నెలలూ పొద్దున్నే ఆయనకి ఇచ్చింది ఇడ్లీలేనట. ఆ ఇంట్లో ఇడ్లీ అంటే రోగి తిండి. నేను మర్యాదగా నవ్వేసి, మర్నాడు ఆఫీసులో మాత్రం పగలబడి నవ్వుకుంటూ ఈ కథ చెప్పాను. ఇడ్లీని రోగుల తిండి అనేవాళ్ళు కూడా ఉంటారా అని.

ఆ వారమే శుక్రవారం పొద్దున్నే ఖాలా నా తలుపు కొట్టింది. చేతిలో పళ్ళెం. పసుపు రంగు ఖిచిడీ, ఒక గిన్నెలో ఖీమా, రెండు అప్పడాలు, గ్లాసులో నువ్వులూ చింతపండూ కలిపి చేసిన ఖట్టా. శుక్రవారం మా ఇంట్లో ఇదే నాష్తా, తిని పో అంది. నేను ఆ పళ్ళెం వైపు చూశాను. పప్పూ బియ్యం కలిపి వండిన అన్నం! మా అమ్మ చూస్తే ముందు నా నాడి పట్టుకునేది. పక్కనేమో ఖీమా. మాంసం తినని ఇల్లేమీ కాదు మాది, కానీ పొద్దున ఏడింటికి, ఇంకా స్నానం కూడా కాకుండా! రోగి తిండీ విందు భోజనమూ ఒకే పళ్ళెంలో పెట్టుకుని తినే మనుషులు నాకు అర్థం కాలేదు. వద్దండీ, నాకు అలవాటు లేదండీ అంటే సరిపోయేది. ఆవిడ నవ్వి తీసుకుపోయేది. కానీ పెద్దావిడ మనసు నొప్పించకూడదనే నా గొప్ప సంస్కారం అడ్డొచ్చింది. కడుపు కాస్త బాగుండదండీ, డాక్టరు పథ్యం చెప్పారు అన్నాను.

ఖాలా మొహం మారిపోయింది. “గందుకేనా బేటా ఇడ్లీలు తింటున్నవ్?” అంది.

అంత చక్కని ఆధారం ఆవిడే చేతికందిస్తే నేనెందుకు వదులుకుంటాను? అవునండీ, అందుకేనండీ అన్నాను. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నాది అతకడమే కాదు, మళ్ళీ ఊడదీయడానికి వీల్లేకుండా అంటుకుపోయింది. మర్నాడు శనివారం, అయినా పళ్ళెం వచ్చింది. ఖీమా లేదు, ఖట్టా లేదు, మిరపకాయ లేదు. జావకు కాస్త ఎక్కువ, అన్నానికి కాస్త తక్కువ అన్నట్టు ఉడికించిన ఖిచిడీ, పక్కన పెరుగు. ఆదివారం కూడా వచ్చింది. వారానికొకసారి వచ్చేది నా పుణ్యమా అని రోజూ రావడం మొదలెట్టింది. పైగా ఎక్కడో దర్గాకి వెళ్ళి నా కడుపు కోసం దువా చేసి, మెడలో కట్టుకోమని తావీజు తెచ్చింది. సందు మలుపు దాకా దాన్ని చొక్కా పైకి కనబడేలా వేసుకుని, మలుపు తిరగగానే లోపలికి తోసేసి ఉడిపి హోటలుకి పోయి నాలుగు ఇడ్లీలు లాగించేవాణ్ణి.

మరి ఖిచిడీ ఏమయ్యేదంటే, డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళేవాణ్ణి. అక్కడ మా పక్క టేబులు అన్న ఉండేవాడు. ఇబ్రహీంపట్నం దిక్కునించి వచ్చినవాడు. పొద్దున ఎనిమిదింటికే పప్పూ కూరా పచ్చిపులుసుతో కడుపు నిండా అన్నం తిని బస్సెక్కేవాడు. టిఫిన్ అనే పదార్థం మీద ఆయనకి నమ్మకం లేదు. గా ఇడ్లీల ఏముంటది, గాలి తిని ఆఫీసుకొస్తరు, పదిన్నరకే ఆవలిస్తరు అనేవాడు. అంత తినొచ్చిన మనిషి పదకొండింటికి నా డబ్బా మూత తీసి ఖిచిడీ మొత్తం ఊడ్చేసేవాడు. పథ్యం ఖిచిడీ ఇంత బాగుంటే మామూలుది ఎట్లుంటదో అని రోజూ ఆశ్చర్యపోయేవాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చూడు తమ్మీ అని బతిమాలేవాడు. నేను ముక్కు ఎగరేసేవాణ్ణి. సాయంత్రం కడిగిన డబ్బా చూసి ఖాలా తిన్నవా అని అడిగేది, తిన్నానండీ అనేవాణ్ణి. ఆవిడ నా మొహం వెలుతురు వైపు తిప్పి చూసి, రంగు వచ్చిందని సంతోషపడేది. నాలుగు నెలలు ఇలా గడిచాయి.

అప్పుడు సంబంధం వచ్చింది. అమ్మాయి వాళ్ళది మా జిల్లాయే. పెళ్ళిచూపులు ఖైరతాబాద్‌లో ఆ పిల్ల మేనమామ గారింట్లో జరిగాయి. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆ అమ్మాయి నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఈ ఊళ్ళో మంచి కాఫీపొడి ఎక్కడ దొరుకుతుందండీ అని. అమ్మాయిలు జీతం అడుగుతారు, చదువు అడుగుతారు అని భయపడి వెళ్ళిన నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని అక్కడే అనుకున్నాను. ఆ రాత్రి మనసులో కాపురం పెట్టి, ఇడ్లీ పాత్ర ఎన్ని రేకులది కొనాలో కూడా లెక్క వేశాను. ఇవాళ చెప్పుకుంటే నవ్వులాట గాని, అప్పట్లో ఆ పిల్ల తప్ప నాకు మరో ధ్యాస లేదు.

పెళ్ళివారి వాకబు సంగతి మీకు తెలుసు. అబ్బాయి గురించి ఆఫీసులో అడిగితే అందరూ మంచివాడే అంటారు, నిజం తెలియాలంటే అద్దెకున్న ఇంటివాళ్ళని అడగాలి. మేనమామ గారు నేను ఆఫీసులో ఉన్న వేళ చూసి అమీర్‌పేట వచ్చారు. ఖాలా ఆయనకి చాయ్ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, నన్ను ఆకాశానికెత్తేసిందట. తాగడు, సిగరెట్టు లేదు, ఆడపిల్లల వైపు తలెత్తి చూడడు. ఇక్కడితో ఆపినా బాగుండేది. కానీ నా మీది ప్రేమ ఆవిణ్ణి ఆపనివ్వలేదు. పాపం కడుపు మాత్రం కమజోర్, రోజూ పర్హేజ్ తిండే, పథ్యమే, నేనెన్ని రోజులు వండి పెడ్త, తొందరగా పెళ్ళి చేస్తే భార్య చూసుకుంటది అని నా తరఫున వేడుకుందట.

వారం తిరక్కుండా మా నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అబ్బాయికి చాలాకాలంగా ఉదర వ్యాధి ఉన్నట్టు తెలిసినందున ఈ సంబంధం విరమించుకుంటున్నామని వాళ్ళు రాశారట. కింద మా నాన్న తన మాటగా ఒక ముక్క చేర్చారు. ‘నీకు కడుపు జబ్బు ఎప్పటినుంచిరా? మీ అమ్మ నిన్నటినుంచి అన్నం తినలేదు.’

మర్నాడు పొద్దున్నే ఆ ఉత్తరం మళ్ళీ చదువుతూ వరండాలో నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఖాలా పళ్ళెంతో వచ్చింది. నా జీవితంలో ఒక పెద్దావిడ మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే. మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారండీ అన్నాను. మీ మూలంగా నా పెళ్ళి చెడిపోయిందన్నాను. అక్కడా ఆగలేదు. నాకే జబ్బూ లేదు, మీ ఖిచిడీ తినలేక అబద్ధం చెప్పాను, నాలుగు నెలల నుంచి ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోలేదు, ఆఫీసులో వేరేవాళ్ళకి పెట్టేస్తున్నాను అన్నాను. లోపల కోడలు చేస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఖాలా పళ్ళెంతోనే ఒక అడుగు ముందుకు వేసింది. “ఏం జబ్బు లేదా బేటా? డాక్టరు, దవాయి, ఏం లేదా?” అంది.

ఏమీ లేదన్నానుగా అన్నాను విసురుగా.

“అల్లా కా షుకర్” అంది ఖాలా. “మస్తు ఫికర్ చేసిన. గా ఇడ్లీలు చూసినప్పుడల్లా మా ఆయన యాదికొస్తుండె.” పైట చెంగు పళ్ళెం మీద కప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆఫీసులో అన్న ఆ రోజు డబ్బా కోసం చెయ్యి చాపితే జరిగింది చెప్పాను. నా తరఫున నాలుగు మాటలంటాడనుకున్నాను. “నీ పెండ్లి చెడగొట్టింది ఆమె కాదు తమ్మీ, నీ నోరు” అని ఫైలు ముందుకు లాక్కున్నాడు. సాయంత్రం వెళ్ళి క్షమాపణ చెప్పాలనుకున్నాను. తలుపు దాకా వెళ్ళాను కూడా. రేపు చెప్దాంలే అనుకుని వెనక్కి వచ్చాను. (ఈ ‘రేపు’ నాకు జీవితంలో చాలా పనులు చెడగొట్టింది.) కానీ ఖాలా రేపటి దాకా ఆగే మనిషి కాదు. ఆ వారంలోనే బురఖా వేసుకుని, కొడుకుని తోడు తీసుకుని, బస్సెక్కి ఖైరతాబాద్ వెళ్ళింది. పిల్లవాడికి ఏ రోగమూ లేదు, తప్పు నాది, నేనే సరిగా అర్థం చేసుకోలేదు అని మేనమామ గారికి చెప్పి వచ్చింది. అబద్ధం నాదని మాత్రం చెప్పలేదు. ఇదంతా నాకు మా నాన్న రెండో ఉత్తరం ద్వారా తెలిసింది. జబ్బు బయటపడేసరికి ఇంటావిడను పంపి బుకాయిస్తున్నాడు, ఇలాంటివాడికి పిల్లనెలా ఇస్తామని వాళ్ళు నిష్ఠూరమాడారట. అంతటితో ఆ కథ పూర్తిగా ముగిసింది. ఆ అమ్మాయికి కాఫీపొడి ఎక్కడ దొరుకుతుందో వేరే ఎవరో చెప్పి ఉంటారు.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే ఖాలా. పళ్ళెంలో నాలుగు ఇడ్లీలు. కొత్త ఇడ్లీ పాత్ర కొని, ఎదురింటావిడ దగ్గర నేర్చుకుని వండిందట. చట్నీ ఎలా చేస్తారో తెలియక పక్కన ఖట్టా పోసింది. కడుపు బాగున్నోళ్ళు సుత ఇడ్లీ తింటరని నాకేం ఎరుక బేటా అంది, తప్పు చేసింది తనే అయినట్టు. ఇడ్లీలు విసిరితే గోడకి సొట్ట పడేలా ఉన్నాయి. చాలా బాగున్నాయండీ అన్నాను. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు, నాకు వేరే ఊరు బదిలీ అయ్యేదాకా, ప్రతి శుక్రవారమూ ఇడ్లీలే వచ్చాయి. నేను వరండాలో కూర్చుని వాటిని నమిలేవాణ్ణి. లోపల అందరూ నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చుని ఖిచిడీ తినేవాళ్ళు. నెయ్యి వాసన, ఎర్రగా వేగిన ఉల్లిపాయల వాసన తెర సందులోంచి వచ్చి నా ముందు కూర్చునేది. పక్క టేబులు అన్న నాలుగు నెలలపాటు చెప్పిన రుచంతా ఒక్కసారి నోట్లో ఊరేది. నాకూ కాస్త ఖిచిడీ పెట్టండి ఖాలా అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. గారు లేకుండా అనడం కూడా సాధన చేశాను. ఒక్కసారి అడిగితే ఆవిడ ఎంత పొంగిపోయేదో నాకు తెలుసు.

ఎన్నో ఏళ్ళ తర్వాత మా ఆవిడతో కలిసి వెతుక్కుంటూ వెళితే ఆ ఇల్లు లేదు, వాళ్ళెక్కడున్నారో చెప్పేవాళ్ళూ లేరు. హోటళ్ళలో ఖిచిడీ తిన్నాను, బాగానే ఉంటుంది. తింటున్నప్పుడల్లా తావీజు దాచుకుంటూ సందు మలుపు తిరిగే ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆ వెంటనే వాడి చెవి పట్టుకుని ఖాలా ముందు కూర్చోబెట్టాలనిపిస్తుంది. లేని జబ్బు ఉందని చెప్పడానికి వాడికి సిగ్గు లేకపోయింది గాని, ఆకలేస్తోంది, పెట్టమని అడగడానికి మాత్రం ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది.