ర్యాంపు చివరి మూడు రాళ్లు

ఆరేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. ఊళ్లో నాకొక పేరుంది. ఇది చెప్తే ఆ పేరు మిగలదు. అందుకే పేరు రాయకుండా మీకు చెప్తున్నాను.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా కుడికాలు పోయింది. చంకకర్ర మీద నడుస్తాను. ఆటోనగర్‌లో మూడు చక్రాల బళ్లు బాగుచేసే షెడ్డుంది. కానీ విశాఖలో జనానికి నేను అర్జీలవాడిగానే తెలుసు. ఏ బ్యాంకుకి ర్యాంపు లేకపోయినా, ఏ ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయినా అర్జీ పెడతాను. జవాబు వచ్చేదాకా వదలను. నన్ను ఒక మాట అన్నవాణ్ని అసలు వదలను.

సీతమ్మధారలో ఒక విదేశం వాళ్లు కార్యాలయం కట్టారు. వీసాలు ఇస్తారు. చేపల వేటకెళ్లి సముద్రంలో సరిహద్దు దాటి ఆ దేశం జైల్లో పడ్డవాళ్ల కాగితాలూ అక్కడే చూస్తారు. అద్దాల గోడలు, ముందు వెడల్పాటి మెట్లు, మెట్లపైన అద్దాల కప్పు, పక్కనుంచి ర్యాంపు. ప్రారంభానికి వారం ముందు, నడవలేనివాళ్లకి వీలుగా ఉందో లేదో చూసి చెప్పమని నన్ను పిలిచారు. పిలిచినందుకు పొంగిపోయాను. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాను.

గేటు దగ్గర ముప్పావుగంట నిలబెట్టారు. కుర్చీ వేయలేదు. లోపల సైటు ఇంజనీరు మేస్త్రీతో అన్న మాట నాకు వినబడింది.

"అర్జీల బాబొచ్చీసినాడా? ఏదో వంక దొరక్కపోతే ఆడికి కూడు సయించదు. ఒక టీ ఇచ్చి సంతకం పెట్టించీ."

మేస్త్రీ నవ్వాడు. ఆ నవ్వు ఎంతసేపు సాగిందో కూడా నాకు గుర్తే.

నాకొక పద్ధతుంది. పొడిగా ఉన్న ర్యాంపుని నమ్మను. సీసాలో నీళ్లు కొద్దిగా పోసి, కర్ర మొనకున్న రబ్బరు బిళ్ల దానిమీద ఆనించి బరువు వేస్తాను. ర్యాంపంతా గరుకు రాయి, కర్ర కదల్లేదు. తలుపు దగ్గర చివరి మూడు రాళ్లు మాత్రం నునుపు గ్రానైట్, లోపలి హాలు నేలతో కలిసిపోయి కనబడాలని వేశారు. మెట్లకున్న కప్పు అక్కడిదాకా రాలేదు. వాన నేరుగా వాటిమీదే పడుతుంది. నీళ్లు పోశాను. కర్ర జర్రున జారింది. గోడ అందకపోతే పడేవాణ్ని.

ఎవరూ చూడలేదు. జేబురుమాలుతో నీళ్లు తుడిచేశాను.

ఎందుకు తుడిచాను? అప్పుడే చెప్తే రెండు రోజుల్లో రాళ్లు మార్చేసి ఇంజనీరు హాయిగా ఉంటాడు. ప్రారంభమయ్యాక, పెద్దవాళ్లందరూ మెచ్చుకున్నాక, పేపర్లో ఫొటో పడ్డాక అర్జీ పెడితే అతని పరువు పోతుంది. ఇంత ఆలోచనా ఆ రెండు నిమిషాల్లోనే వచ్చింది. ఈలోగా వాటిమీద ఎవరు నడుస్తారని ఆలోచించానా? ఆలోచించాను. కర్రలవాళ్లు జాగ్రత్తగా నడుస్తార్లే అనుకున్నాను. వాళ్లిచ్చిన తనిఖీ ఫారంలో 'ఇతర లోపాలు' అన్న చోట అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాను. టీ తాగలేదు.

ఇంటికెళ్లి అర్జీ రాసి సంచిలో పెట్టుకున్నాను. పేపర్లో ఫొటో కోసం చూస్తున్నాను.

ప్రారంభమైన నాలుగో రోజు వాన పడింది. జాలరిపేట నుంచి నూకాలమ్మ అనే ఆవిడ వచ్చింది. భర్త ఆ దేశం జైల్లో ఉన్నాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆ రోజు ఫోన్లో మాట్లాడిస్తామన్నారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ర్యాంపు మీదుగా వెళ్లింది. చివర్లో పడింది. తుంటి ఎముక విరిగింది. ఫోను వచ్చే వేళకి ఆమె అంబులెన్సులో ఉంది.

మర్నాడే అర్జీ ఇచ్చాను, తేదీ మార్చి. ఇంజనీరు నా సంతకం చూపించాడు. ఆ రోజు నేల పొడిగా ఉంది, నాకెలా తెలుస్తుంది అన్నాను. అందరూ నన్నే నమ్మారు. అతని ఉద్యోగం పోయింది. రాళ్లు మార్చారు. మా వికలాంగుల సంఘం వాళ్లు సభ పెట్టి నాకు శాలువా కప్పించారు, నూకాలమ్మ చేత. భర్త అప్పటికి విడుదలై వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆవిడ వాకర్ పట్టుకుని వచ్చింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగిన మనిషి, ఇక ఎత్తలేదు.

శాలువా కప్పుతూ మెల్లగా అంది.

"నువ్వు ముందే సూసుంటే నాను పడకపోదును బాబూ."

"సూళ్లేదమ్మా," అన్నాను.

"నీకేటి తెలుస్తాది మరి. నా కాళ్లే తడిగున్నాయి."

ఇంజనీరు అన్న మాట ఇప్పటికీ క్షమించలేదు. అది అబద్ధమై ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్నేమో. అతను ఎక్కడున్నాడో కనుక్కోలేదు. నూకాలమ్మ వీధికి వెళ్లాను, రెండుసార్లు. రెండుసార్లూ వీధి చివరనుంచే తిరిగొచ్చాను.

ఆ ఫారంలో గీత గీసిన చోట రాయాల్సింది ఇవాళ రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి తేలిగ్గా ఉంది. ఆ తేలిక నాకు తగదని కూడా తెలుసు.

ఇతర లోపాలు: చివరి మూడు రాళ్లు తడిస్తే జారతాయి. నీళ్లు పోసి చూశాను. నేనే తుడిచాను.